పోటీలో గెలిచిన తరువాత

మన పావగడ తాలూకా కర్ణాటకంలోనిదే అయినా, ఏ దిక్కుగా నాలుగు మైళ్లు నడిచినా తెలుగు మాటే చెవిని పడుతుంది. క్యాతగానచెర్లులో పిల్లలు బడిలో కన్నడం చదువుతారు. ఇంటికి వచ్చి తెలుగులో అన్నం అడుగుతారు. పాటకు మాత్రం వారికి రెండు భాషలూ సొంతమే.

ఆ ఊళ్లో ఒక సాయంకాలం మేము తెలిసినవారి అరుగు మీద కూర్చున్నాము. ఆ ఇంటి పిల్లవాడు ఒక పాట పాడినాడు. గొంతు బాగున్నది, శ్రుతి నిలుస్తున్నది. ఇంతలో తల్లి బయటికి వచ్చి, “అన్నా, వీణ్ని ఒక యేడాది బడి మాన్పించి టీవీ పోటీకి తయారు చేద్దామంటున్నాడు వీళ్ల నాయన. గెలిస్తే ఇంక వీని బతుక్కు దిగులుండదు గదా?” అని అడిగింది. అప్పటికప్పుడు మాకు జవాబు తోచలేదు. ఇంటికి వచ్చి, ఇటువంటి పోటీలలో గెలిచినవారు తరువాత ఏమైనారో ఒక్కొక్కరినే జ్ఞాపకం చేసుకున్నాము. ఆ తల్లివంటి తల్లులు మన కుటుంబాలలో ఎందరో ఉన్నారు కాబట్టి, ఆ సంగతులే ఇక్కడ వ్రాస్తున్నాము.

టెలివిజన్ పాటల పోటీలకు పెద్దమ్మ వంటిది యూరోవిజన్ పోటీ. 1956లో స్విట్జర్లండులోని లుగానో పట్టణంలో ఏడు దేశాలతో మొదలైనది. మొదటి విజేత ఆ దేశపు గాయని లీస్ అసియా. ఏ దేశంవారూ తమ పాటకు తాము మార్కులు వేసుకోరాదన్న నియమం మరుసటి యేడు నుంచే ఉన్నది. 1974లో ఇంగ్లండులోని బ్రైటన్‌లో గెలిచిన స్వీడన్ బృందం ఆబా పేరు మన పాఠకులలో చాలామంది విన్నదే. వారు అంతకు ముందటి యేడు తమ దేశపు ఎంపిక పోటీలోనే మూడవ స్థానంలో నిలిచి ఆగిపోయినారు. 1974లో గెలిచిన తరువాత కూడా బ్రిటనులో వారి పాటలు కొంతకాలం చతికిలబడినాయి. 1975 చివరకు గాని అక్కడ మళ్లీ నిలదొక్కుకోలేదు.

1988లో స్విట్జర్లండు తరఫున పాడి గెలిచిన సెలీన్ డియాన్ కథ మన సరిహద్దు పిల్లలు ముఖ్యంగా వినదగినది. ఆమె కెనడాలోని ఫ్రెంచి కుటుంబంలో పుట్టినది. రెండవ స్థానంకంటె ఒక్క మార్కు ఎక్కువ వచ్చి గెలిచినది. బహుమతి వచ్చినది గదా అని ఊరుకోక, శ్రద్ధగా ఇంగ్లీషు నేర్చుకొని, 1990లో ఆ భాషలో మొదటి ఆల్బం తెచ్చినది. 1997లో వచ్చిన టైటానిక్ సినిమా పాటతో ఆమె గొంతు లోకమంతా ప్రాకినది.

ఇక 2001లో బ్రిటనులో పాప్ ఐడల్ అనే పోటీ పుట్టి, దేశదేశాలకు పిల్లలు పెట్టినది. ఆ దేశాల విజేతలనందరినీ ఒకచోట చేర్చి వరల్డ్ ఐడల్ అని మరొక పోటీ పెట్టినారు. 2004 జనవరి 1న దాని ఫలితం చెప్పినారు. గెలిచినవాడు కుర్ట్ నిల్సెన్ అనే నార్వే యువకుడు. అంతకు ముందు కుళాయి గొట్టాల పని చేసినవాడు. రెండవ స్థానం అమెరికా గాయని కెల్లీ క్లార్క్‌సన్‌ది. తరువాతి కాలంలో ప్రపంచమంతా మ్రోగిన పేరు ఆ రెండవ ఆమెది. నిల్సెన్ తన దేశంలో అభిమాన గాయకుడుగా నిలిచినాడు. అదీ చిన్న సంగతి కాదు.

ఆ ఐడల్ సంతానమే 2004లో మన దేశానికి వచ్చిన ఇండియన్ ఐడల్. 2006లో మన కారుణ్య రెండవ స్థానంలో నిలిచి, తరువాత తెలుగు సినిమాలలో పాడుతూ వచ్చినాడు. 2010 ఆగస్టు 15న శ్రీరామచంద్ర గెలిచినాడు. అతడు అప్పటికే తెలుగులో పాడినవాడు. హిందీలో 2013 నాటి ‘యే జవానీ హై దీవానీ’లో పాడినాడు, సినిమాలలో నటించినాడు, 2022లో తెలుగు ఇండియన్ ఐడల్‌కు వ్యాఖ్యాత అయినాడు. 2017లో గెలిచిన రేవంత్ అంతకు రెండేండ్ల ముందే ‘బాహుబలి’లో ‘మనోహరీ’ పాడి ఉన్నాడు. వీరికి బహుమతితో పని మొదలు కాలేదు; పనిలో ఉన్నవారికే బహుమతి వచ్చినది. పైగా ఇటువంటి పోటీలలో గెలుపు ప్రజల ఓట్లతో తేలుతుంది. ఓటు వేసిన చేయి రేపు పాట వినడానికి వస్తుందని ఎవరు చెప్పగలరు?

అన్నిటికంటె దగ్గరి ఉదాహరణ మన బాలసుబ్రహ్మణ్యంగారిది. ఆయన మన ప్రక్కనున్న అనంతపురంలో ఇంజినీరింగు చదువులో చేరి, టైఫాయిడ్ వచ్చి మానుకొని, మద్రాసులో చదువు సాగించినారు. 1964లో అక్కడి తెలుగు సాంస్కృతిక సంస్థ పెట్టిన పాటల పోటీలో మొదటి బహుమతి పొందినారు. ఆ న్యాయనిర్ణేతలలో ఒకరైన కోదండపాణిగారే ఆయన చేత మొదటి సినిమా పాట పాడించినారు. అది 1966 డిసెంబరులో! గెలుపుకూ మొదటి పాటకూ నడుమ రెండేండ్లు గడిచినాయి. రెండవ సినిమా పాట కన్నడంలో. ఆయనే 1996 నుంచి ఈటీవీలో ‘పాడుతా తీయగా’, తరువాత కన్నడంలో ‘ఎదె తుంబి హాడువెను’ నడిపి, పిల్లల ఉచ్చారణ తప్పులు ప్రేమతో దిద్దినారు. 2020 సెప్టెంబరు 25న ఆయన కన్నుమూసినప్పుడు రెండు భాషలవారూ తమ ఇంటి మనిషే పోయినట్లు దుఃఖించినారు.

కనుక ఆ తల్లికి మా జవాబు ఇది. అమ్మా, పిల్లవాణ్ని పోటీకి పంపించు. బడి మాత్రం మాన్పించవద్దు. వానికి తెలుగు ఒత్తులు, కన్నడ ఒత్తులు రెండూ సరిగా పలకనేర్పించు. రోజూ ఒక గంట సాధన చేయించు. గెలిస్తే ఊరంతా సంతోషిస్తాము. గెలవకపోతే, తిరిగి వచ్చిన రోజు వాణ్ని ఏమీ అడగకుండా అన్నం పెట్టు. మరునాడు వాడు మళ్లీ నోరు విప్పి పాడినాడంటే వాని పాటకు దిగులు లేదు.