ఆటగాడి విలువను అంచనా వేయడం ఎలా?

పటాన్‌చెరు దారిలోని లింగంపల్లి అకాడమీలో శిక్షణ పొందిన తిలక్ వర్మ కనీస ధర 2022 ఐపీఎల్ వేలంలో 20 లక్షల రూపాయలు. ముంబై ఇండియన్స్ 1.70 కోట్లకు కొనుగోలు చేసింది. అప్పటికి అతడు ఒక్క ఐపీఎల్ మ్యాచ్ కూడా ఆడలేదు. అంటే ఆ ధర చేసిన పరుగులకు కాదు, చేయబోయే పరుగులపై అంచనాకు. ఆ సీజన్‌లో అతడు 397 పరుగులు చేశాడు.

అంచనా తప్పవచ్చు కూడా. అమెరికన్ ఫుట్‌బాల్‌లో దాడిని నడిపించే ఆటగాడు క్వార్టర్‌బ్యాక్. 2000లో జరిగిన ఎంపికలో టామ్ బ్రాడీకి దక్కినది 199వ స్థానం. తరువాత అతడు ఏడు సూపర్ బౌల్‌లు గెలిచాడు. పరుగు వేగాన్ని కొలవవచ్చు, ఒత్తిడిలో తీసుకునే నిర్ణయాన్ని ముందుగా కొలవడం కష్టం.

కాబట్టి అంకెలను ఎవరిపై, ఏ స్థాయిలో సాధించారో పరిశీలించండి. రేపు పరిశ్రమలో మీరు అభ్యర్థులను ఎంపిక చేసినా, మిమ్మల్ని ఎవరైనా ఎంపిక చేసినా, మార్కులు ఆధారమే గాని తీర్పు కాదు.