చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే సెన్సార్ కొనేయకండి: రూ.500 ఓబీడీ స్కానర్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

డ్యాష్‌బోర్డ్ మీద పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలగ్గానే మనలో చాలామంది చేసేది ఒకటే. ఆన్‌లైన్‌లో ఓ బ్లూటూత్ ఓబీడీ స్కానర్ ఆర్డర్ పెట్టడం, ఫోన్‌లో కోడ్ చూడటం, ఆ కోడ్‌ని సెర్చ్ చేసి మొదట ఏ సెన్సార్ పేరు కనిపిస్తే అది కొనేయడం. బిగించిన వారానికి లైట్ మళ్ళీ వెలుగుతుంది, డబ్బులు మాత్రం వెనక్కి రావు. ఇందులో స్కానర్ తప్పేం లేదు. కోడ్ అంటే చెడిపోయిన పార్ట్ పేరు కాదు, ఈసీయూకి ఎక్కడ లెక్క తేడా కొట్టిందో రాసిపెట్టిన ఎర్రర్ లాగ్. కోడింగ్ తెలిసినవాళ్ళకి ఇది ఈజీగా అర్థమవుతుంది: 240వ లైన్‌లో ఎర్రర్ వచ్చిందంటే బగ్ కూడా ఆ లైన్‌లోనే ఉండాలని లేదు కదా.

బందరు, గుడివాడ, దివిసీమ వైపు తిరిగే కార్ల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. ఇక్కడ సెన్సార్‌ని అనుమానించే ముందు దాని వైరు, కనెక్టర్, ఎర్త్ చూడాలి. ఎందుకో చెప్తా, ముందు స్కానర్ సంగతి.

స్కానర్ లోపల ఏముంది?

స్టీరింగ్ కింద, మోకాళ్ళ దగ్గర 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. అమెరికాలో 1996 మోడల్ నుంచి అన్ని కార్లకీ ఇది తప్పనిసరి అయింది. మన దగ్గర ఓబీడీ 2 రూల్ 2013 ఏప్రిల్ నుంచి వచ్చింది. అంటే ఆ తర్వాత కొన్న కారైతే ధైర్యంగా స్కానర్ కొనొచ్చు.

చీప్ స్కానర్లు దాదాపు అన్నీ ఈఎల్ఎం327 అనే కెనడా కంపెనీ చిప్‌కి కాపీలు. మొదటి వెర్షన్‌కి కాపీ ప్రొటెక్షన్ పెట్టకపోవడంతో ప్రపంచమంతా క్లోన్లు పుట్టాయి. తమాషా ఏంటంటే, చాలా డబ్బాల మీద కనిపించే 1.5 అనే వెర్షన్‌ని అసలు కంపెనీ ఎప్పుడూ రిలీజ్ చేయలేదు. అయినా కోడ్స్ చదవడానికి ఆ క్లోన్ సరిపోతుంది.

పని చేసే తీరు సింపుల్. ఫోన్ నుంచి 010సి అని పంపితే 'ఆర్పీఎం ఎంత?' అని అడిగినట్టు. కారు 41 0సి 1ఏ ఎఫ్8 అని జవాబిచ్చిందనుకోండి. చివరి రెండు బైట్లు డెసిమల్‌లో 26, 248. 26ని 256తో గుణించి 248 కలిపితే 6904, దాన్ని నాలుగుతో భాగిస్తే 1726. అదే ఇంజిన్ స్పీడు. యాప్‌లో తిరిగే ఫ్యాన్సీ మీటర్ వెనకాల ఉన్నది ఇంతే.

ఉప్పుగాలి, చిలుము

వానాకాలంలో ఇంట్లో ఉప్పు జాడీ చెమ్మగిల్లడం చూసే ఉంటారు. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమని పీల్చుకుని నీరవుతుంది. మంగినపూడి బీచ్ నుంచి వచ్చే గాలిలోని ఉప్పు బోనెట్ కింద చేరితే అక్కడా అదే జరుగుతుంది. రాగి వైరు, ఇనుప బాడీ, అల్యూమినియం ఇంజిన్ బ్లాక్... వేర్వేరు లోహాలు కలిసే చోట ఉప్పునీరు పడితే అది చిన్న బ్యాటరీలా మారి ఒక లోహాన్ని తినేస్తుంది. చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ గాజుకి పైపూత పోయాక పచ్చగా చిలుము పట్టడం మనకి తెలిసిందే. కనెక్టర్ పిన్నుల మీద పూత పోయినా అంతే. తేడా ఏంటంటే అది రబ్బరు తొడుగు లోపల ఉంటుంది, కంటికి కనపడదు.

పల్లెటూళ్ళలో దీనికి తోడు ఎలుకలు. సార్వా కోతలయ్యాక పొలంలో తిండి తగ్గితే వెచ్చగా ఉన్న ఇంజిన్ మీదకి చేరతాయి. వైరు పై తొడుగు కాస్త కొరికినా చాలు, మిగతా పని తేమ చూసుకుంటుంది.

ఇప్పుడు లెక్క చూడండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు స్టార్టర్ మోటార్ 150 ఆంప్స్ లాగుతుందనుకుందాం. ఎర్త్ జాయింట్‌లో తుప్పు వల్ల 0.01 ఓమ్ రెసిస్టెన్స్ పెరిగితే 1.5 వోల్టులు అక్కడే పోతాయి. మామూలు మల్టీమీటర్‌లో ఓమ్స్ మోడ్ పెట్టి చూస్తే 0.01 దొరకదు, జాయింట్ బాగానే ఉన్నట్టు చూపిస్తుంది. అందుకే ఓమ్స్ కాదు, వోల్టేజ్ డ్రాప్ చూడాలి. మీటర్‌ని డీసీ వోల్ట్స్‌లో పెట్టి ఒక ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ పోల్ మీద, రెండోది ఇంజిన్ బ్లాక్ మీద శుభ్రంగా ఉన్న లోహం మీద ఆనించండి. గేర్ న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. ప్రోబ్ వైర్లు బెల్ట్‌కి, ఫ్యాన్‌కి దూరంగా ఉండాలి. రీడింగ్ అర వోల్టు దాటితే ఎర్త్ మీద అనుమానం పెట్టుకోవాలి.

మా చుట్టాలది చల్లపల్లిలో ఒక కారుంది. దానికి పీ0562, అంటే సిస్టమ్ వోల్టేజ్ తక్కువ అనే కోడ్, దాంతోపాటు సంబంధం లేని రెండు సెన్సార్ కోడ్లు వచ్చాయి. ఒకచోట 'డైనమో మార్చాలి' అన్నారు. ఆ ఊళ్ళోనే ఇంకో షెడ్డు మెకానిక్ స్కానర్ వైపు చూడను కూడా చూడలేదు. "బాబూ, ముందు ఎర్త్ వైరు ఇప్పుదాం, డైనమో ఎక్కడికీ పోదులే" అన్నాడు. ఇంజిన్ నుంచి బాడీకి వెళ్ళే ఎర్త్ బోల్టు కింద అంతా తుప్పే. ఎమెరీ పేపర్‌తో రుద్ది బిగించాక మూడు కోడ్లూ పోయాయి. వోల్టేజ్ తగ్గినప్పుడు సెన్సార్లు తప్పు లెక్కలు పంపడం మామూలే. అందుకే ఒకేసారి నాలుగైదు కోడ్లు వస్తే నాలుగైదు పార్టులు పోయాయని కాదు, అన్నిటికీ కలిపి ఉన్న వైరు ఏదో చూడమని.

ఇంట్లో చేసుకోదగ్గ పని

ఇంజిన్ ఆపి కొన్ని గంటలు ఆగాక బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే ఫుల్, 12.2 అంటే సగం. ఇంజిన్ నడుస్తుంటే సాధారణంగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. కొత్త కార్లలో స్మార్ట్ ఆల్టర్నేటర్ ఉంటే ఇది అటూ ఇటూ ఊగుతుంది, కంగారు పడకండి.

టెర్మినల్స్ మీద తెల్లగానో పచ్చగానో పొడి ఉంటే నెగటివ్ ముందు ఊడదీయండి, బిగించేటప్పుడు అదే చివర. పాజిటివ్ ముందు ఇప్పుతూ పానా బాడీకి తగిలించారంటే నిప్పురవ్వలే. వంటసోడా కలిపిన నీళ్ళతో బ్రష్ చేసి, ఆరాక బిగించి, ఆ తర్వాత పైన వాజిలిన్ రాయండి. సోడా నీళ్ళు బ్యాటరీ సెల్స్‌లోకి పోనివ్వొద్దు. ఈ మొత్తం పనికి అరగంట చాలు.

పీ0171, అంటే మిక్స్చర్ లీన్ అనే కోడ్ వచ్చినప్పుడు మాత్రం స్కానర్ నిజంగా తన విలువ చూపిస్తుంది. లైవ్ డేటాలో ఫ్యూయల్ ట్రిమ్ చూడండి. ఐడిల్‌లో ప్లస్ 20 దాకా ఉండి, 2500 ఆర్పీఎం దగ్గర మామూలుకొస్తే ఎక్కడో వాక్యూమ్ లీక్, అంటే పగిలిన రబ్బరు పైపు లాంటిది. స్పీడు పెంచినా తగ్గకపోతే పెట్రోల్ ప్రెజర్ లేదా ఎయిర్ ఫ్లో సెన్సార్ వైపు చూడాలి. ఇక్కడిదాకా మీరు తేల్చుకుని షెడ్డుకి వెళ్తే మెకానిక్‌కీ టైమ్ కలిసొస్తుంది.

బ్రేకులు, ఎయిర్‌బ్యాగ్, హైబ్రిడ్‌లో నారింజ రంగు వైర్లు మాత్రం ముట్టుకోవద్దు. ఒక్క జాకీ మీద నిలబెట్టిన కారు కిందకి దూరొద్దు. అన్నట్టు చీప్ స్కానర్ చాలావరకు ఇంజిన్ కోడ్లే చదువుతుంది. 'నో ఫాల్ట్స్' అని చూపించినా ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ బాగున్నాయని అర్థం కాదు.

ఇంకో ముఖ్యమైన మాట: మెకానిక్ చూసేదాకా 'క్లియర్ కోడ్స్' నొక్కకండి. కోడ్‌తో పాటు ఆ క్షణంలో ఇంజిన్ ఏ స్పీడులో, ఏ వేడిలో ఉందో చెప్పే ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. ముందు స్క్రీన్‌షాట్లు తీయండి.

వరదలో మునిగిన కారు

2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చింది, రికార్డు అది. అటు బుడమేరు విజయవాడని ముంచింది, ఇటు దివిసీమ లంకలు మునిగాయి. అలా మునిగిన కారులో తాళం పెట్టి తిప్పకూడదు. సిలిండర్‌లో చేరిన నీరు గాలిలా నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఫోటోలు తీసి, నెగటివ్ ఊడదీసి, లాక్కెళ్ళే బండి పిలవాలి. ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్ట్ యాడాన్ లేకపోతే నీళ్ళలో స్టార్ట్ చేసి పాడైన ఇంజిన్‌కి క్లెయిమ్ రావడం కష్టం.

సెకండ్ హ్యాండ్ కారు కొంటుంటే ఈ ఐదొందల స్కానర్ లక్ష రూపాయలు కాపాడొచ్చు. యాప్‌లో 'రెడీనెస్ మానిటర్స్', 'కోడ్లు క్లియర్ చేశాక నడిచిన దూరం' అని ఉంటాయి. లైట్ వెలగట్లేదు గానీ మానిటర్లు ఇన్‌కంప్లీట్, దూరం 8 కిలోమీటర్లు అని ఉంటే, మీరు రాబోయే ముందే ఎవరో కోడ్లు తుడిచేశారు, లేదా బ్యాటరీ ఊడదీశారు. అడగండి. కార్పెట్ ఎత్తి, కింద ఉన్న కనెక్టర్లలో చిలుము ఉందేమో కూడా చూడండి.

ఏది కొనాలి?

ఐఫోన్ వాడేవాళ్ళు బ్లూటూత్ ఎల్ఈ లేదా వైఫై ఉన్నదే తీసుకోండి, పాత బ్లూటూత్ క్లోన్లు కలవవు. ఆండ్రాయిడ్‌కి ఏదైనా ఓకే. టార్క్, కార్ స్కానర్ యాప్స్ రెండూ బాగుంటాయి. మీటర్ కూడా కలిపినా వెయ్యి లోపు అయిపోవచ్చు. ఒక్కటే కొనే బడ్జెట్ ఉంటే నా ఓటు మల్టీమీటర్‌కే.

వాడాక స్కానర్ పీకేయండి. సాకెట్‌లో 16వ పిన్నుకి కారు ఆఫ్‌లో ఉన్నా కరెంట్ వస్తూనే ఉంటుంది. 40 మిల్లీ ఆంప్స్ లాగినా పది రోజుల్లో 9.6 ఆంపియర్ అవర్స్ పోతాయి, చిన్న కారు బ్యాటరీయే 35. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ కారు బందరులో వదిలేసి వెళ్ళేవాళ్ళకి సంక్రాంతికి వచ్చేసరికి సెల్ఫ్ తిరగదు.