షోలాపూరు శస్త్రవైద్యుడు

షోలాపూరనగా మనకు తెలుగు పద్మశాలీల మగ్గములు తలపునకు వచ్చును. ఆ యూర 1910లో జన్మించిన డాక్టరు ద్వారకానాథ కోట్నీసుగారు, కాంగ్రెసు పంపిన ఐదుగురు వైద్యులలో నొకరై 1938లో చీనాకు వెడలిరి. 1941లో ఎనిమిదవ రూటు సైన్యమువారి బెథూన్ అంతర్జాతీయ శాంతి వైద్యాలయమునకు అధ్యక్షులైరి. జపానువారి దిగ్బంధములో మందులు దుర్లభములు. శస్త్రవైద్యులు మరింత దుర్లభులు. కావున ఆయన గాయపడినవారికి చికిత్సచేయుటతో తృప్తిపడక, చీనాభాష నేర్చి, అందే శిష్యులకు పాఠములు చెప్పిరి. ఆయన చేసిన శస్త్రచికిత్సలు 800కు పైబడినవందురు. మేము మాత్రము ఆ పాఠములనే మిన్నగా నెంచుచున్నాము. కత్తి పట్టగల శిష్యులు లేని వైద్యాలయము ఒక్కని ప్రాణముపై వ్రేలాడుచుండును. చీనాభాషలో శస్త్రవైద్యగ్రంథమొకటి వ్రాయుచుండగనే, మూర్ఛరోగముచే 1942 డిసెంబరు 9న మరణించిరి. అప్పటికి వయస్సు 32. కుమారుడు నెలల పసికందు.