తాళి కట్టే వేళకు కెమెరాలో చార్జింగ్ ఉండాలంటే

ఎన్టీఆర్ జిల్లా తిరువూరులో కెమెరా కొనేవాళ్లు చాలామందికి అసలు పని పెళ్లిళ్లే. మంచి ముహూర్తాలు మండుటెండల నెలల్లో పడతాయి. ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉన్నా కెమెరా సాయంత్రం ఎదుర్కోళ్ల నుంచి తెల్లవారి అప్పగింతల దాకా పనిచేస్తూనే ఉండాలి. అయినా కొనేటప్పుడు మెగాపిక్సెళ్ల గురించి గంటసేపు మాట్లాడి, బ్యాటరీ దగ్గరికి వచ్చేసరికి ‘ఎన్ని ఫోటోలు వస్తాయి’ అన్న ఒక్క ప్రశ్నతో సరిపెడతారు. ఆ ప్రశ్న సరిపోదు. బ్యాటరీలో ఎంత శక్తి ఉంది, మనం చేసే పనికి కెమెరా దాన్ని ఎంత వేగంగా తాగేస్తుంది అనే రెండూ తెలిస్తేనే ఎంపిక కుదురుతుంది.

కంపెనీలు చెప్పే ఫోటోల సంఖ్య అబద్ధం కాదు. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం ‘సీపా’ పెట్టిన పద్ధతిలో కొలిచిన లెక్క అది. సుమారు 23 డిగ్రీల గదిలో, అర నిమిషానికో ఫోటో చొప్పున తీస్తారు. కెమెరాలోనే ఫ్లాష్ ఉంటే ఫోటో విడిచి ఫోటోకి దాన్ని వెలిగిస్తారు. మధ్యమధ్య కెమెరా ఆపి మళ్లీ ఆన్ చేస్తారు. తలంబ్రాల వేళ ఎవరూ అర నిమిషానికో ఫోటో తీయరు. నిమిషంలో యాభై తీస్తారు, అదీ సొంత బ్యాటరీలున్న విడి ఫ్లాష్‌తో. అందుకే 500 అని రాసిన కెమెరా పెళ్లిలో అంతకు ఎన్నో రెట్లు ఇవ్వగలదు. అదే కెమెరాలో వీడియో పెడితే ఆ సంఖ్యకు అర్థమే ఉండదు. సోనీ ఏ7 మార్క్ 3కి కంపెనీ లెక్క 710 ఫోటోలు. వీడియోకైతే, ఆపుతూ మొదలుపెడుతూ తీసే మామూలు వాడకంలో, రెండు గంటలకు కాస్త పైన. ఆ సంఖ్య ఒక కెమెరాను మరో కెమెరాతో పోల్చడానికి పనికొస్తుంది, పెళ్లి రాత్రికి అంచనా వేయడానికి పనికిరాదు.

శక్తి మాట వాట్ అవర్లలో తెలుస్తుంది. బ్యాటరీ మీదే అచ్చువేసి ఉంటుంది. లేకపోతే ఎంఏహెచ్‌ను వోల్టులతో గుణించి వెయ్యితో భాగిస్తే వస్తుంది. దీని విలువ సోనీ కెమెరాల్లోనే కనిపిస్తుంది. 2014లో వచ్చిన ఏ7 మార్క్ 2లో 1020 ఎంఏహెచ్, 7.2 వోల్టుల చిన్న బ్యాటరీ, అంటే ఏడు వాట్ అవర్లకు కొంచెం ఎక్కువ. 2018 నాటి మార్క్ 3లో అదే వోల్టేజీకి 2280 ఎంఏహెచ్, 16.4 వాట్ అవర్లు. రెండూ 24 మెగాపిక్సెళ్ల కెమెరాలే. స్క్రీన్ చూస్తూ తీస్తే మొదటిది 350 ఫోటోలు, రెండోది 710. కొత్తదనం ఎంత ఉన్నా, తేడాలో పెద్ద వాటా బ్యాటరీదే. ట్యాంకులో ఎన్ని లీటర్లు పడతాయో అడగకుండా మైలేజీ ఒక్కటే చూసి దూరప్రయాణానికి బండి కొనం కదా.

ఇక తాగే వేగం. ఇక్కడే పాతకాలపు డీఎస్ఎల్ఆర్ అభిమానులు అడ్డు తగులుతారు, వాళ్ల మాటలో నిజం ఉంది. కెనాన్ 200డీ మార్క్ 2లో ఎల్పీ-ఈ17 అనే చిన్న బ్యాటరీతో, అద్దం మీదుగా వచ్చే దృశ్యాన్ని వ్యూఫైండర్‌లో చూస్తూ తీస్తే 1070 ఫోటోలు. అదే బ్యాటరీతో నడిచే మిర్రర్‌లెస్ ఆర్50లో స్క్రీన్ మీద 370, ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్‌లో 230. అద్దానికి కరెంటు అక్కర్లేదు, తెరకు క్షణక్షణం కావాలి. అయితే అదే 200డీని స్క్రీన్ చూస్తూ వాడితే లెక్క 320కి పడిపోతుంది. వీడియో తీయాలంటే స్క్రీన్ తప్పదు. కాబట్టి ఫోటోలు మాత్రమే తీసేవారికి మంచి స్థితిలో దొరికిన డీఎస్ఎల్ఆర్ నేటికీ లాభమే. ఈ రోజుల్లో పెళ్లివారు ఫోటోతో పాటు వీడియో కూడా అడుగుతున్నారు కనుక, ఆ పని ఒప్పుకునేవారు పెద్ద బ్యాటరీ పట్టే మిర్రర్‌లెస్‌కే డబ్బు పెట్టడం మేలని నా అభిప్రాయం.

‘ఇంత లెక్కెందుకు, ఇంకో బ్యాటరీ జేబులో వేసుకుంటే సరిపోదా’ అని అడగవచ్చు. సరదాగా తీసుకునేవారికి అది చాలు, ఖరీదైన కెమెరాకు పోనక్కర్లేదు. మాంగల్యధారణ వీడియో తీస్తున్నవాడికి మాత్రం బ్యాటరీ మార్చే అర నిమిషమే అసలు నష్టం. పైగా వెంట వచ్చే చార్జర్‌లో ఒకసారికి ఒక్కటే పడుతుంది, అది నిండటానికి రెండు గంటలకు అటూఇటూ. నాలుగు చిన్న బ్యాటరీలుంటే ముందురోజు రాత్రంతా చార్జింగ్‌కే సరిపోతుంది, మధ్యలో కరెంటు పోకుండా ఉంటే. పవర్ బ్యాంక్‌తో నడుస్తుందా అన్నది కెమెరాను బట్టి ఉంటుంది. ఆర్50 యూఎస్‌బీ పవర్ డెలివరీని తీసుకుంటుంది, 200డీ బ్యాటరీని మాత్రం బయటకు తీసి చార్జర్‌లోనే పెట్టాలి. చవక నకిలీ బ్యాటరీల జోలికి పోకపోవడం మంచిది. మన దేశంలో అమ్మే లిథియం బ్యాటరీకి ఐఎస్ 16046 ప్రమాణం కింద నమోదు తప్పనిసరి. ‘ఆర్’తో మొదలయ్యే ఆ నమోదు సంఖ్య లేబుల్ మీద లేకపోతే వెనక్కి ఇచ్చేయాలి.

ఎంత మంచి బ్యాటరీనైనా ఎండ ముసలిదాన్ని చేస్తుంది. వేసవి మధ్యాహ్నం, అద్దాలు మూసిన కారులో కెమెరా సంచి వదిలేస్తే లిథియం సెల్ తన సామర్థ్యాన్ని శాశ్వతంగా పోగొట్టుకుంటుంది. ముహూర్తాలు లేని నెలల్లో నిండా చార్జ్ చేసి పెట్టేకన్నా సగం చార్జ్‌తో చల్లని చోట ఉంచడం నయం. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవారికి ఇది మరీ ముఖ్యం. కెనాన్ 80డీ వంటి వాటి మెనూలో బ్యాటరీ సమాచారం తెరిస్తే ఆరోగ్యం మూడు గీతల్లో కనిపిస్తుంది, మూడూ పచ్చగా ఉండాలి. నికాన్ డీ750, డీ850లలో బ్యాటరీ వయసు 0 నుంచి 4 దాకా చూపిస్తుంది. 4 కనిపిస్తే కొత్త బ్యాటరీ ఖరీదు మేరకు కెమెరా ధర తగ్గించమని అక్కడికక్కడే అడగాలి.