చేపగారి గృహప్రవేశం!

కొన్నప్పుడు వేలెడంతే ఉంటుంది. ఏడాది తిరిగేసరికి దాదాపు మూరెడవుతుంది. ఆ తర్వాత అటు తిరిగితే మూతీ ఇటు తిరిగితే తోకా అద్దానికి తగులుతుంటాయి! అరోవానాని పెంచేవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఇబ్బందే ఇది. పెద్ద అక్వేరియంలోకి మార్చడమొక్కటే పరిష్కారం. కానీ అది గోల్డ్‌ఫిష్‌ని ఓ గిన్నెతో ముంచి మరోదాంట్లో పోసినంత తేలిక కాదు.

పెద్ద పెద్ద పొలుసులూ, కింది పెదవికి రెండు మీసాలతో డ్రాగన్‌ని తలపించే ఈ చేప ఇంట్లో ఉంటే అదృష్టమన్నది చైనీయుల నమ్మకం. ఫెంగ్‌షుయ్‌తోపాటే మన ఇళ్లకీ వచ్చింది. నమ్మకం సంగతెలా ఉన్నా పుట్టుకతో ఇది వేటగాడు. సిల్వర్ అరోవానా సొంతూరు అమెజాన్. అక్కడ నీళ్లలోంచి ఎగిరి మరీ కొమ్మలమీది పురుగుల్ని నోట కరుస్తుంది. అందుకే దానికి ‘నీటి కోతి’ అనీ పేరు. పెరిగితే మూడడుగుల దాకా ఉంటుంది, పదేళ్లకు పైనే బతుకుతుంది.

ఎంత ఇల్లు కావాలి?

ఇంత పొడవున్న చేప ఒళ్లు వంచి తిరగాలంటే అక్వేరియం ఎత్తుకన్నా వెడల్పు ముఖ్యం. ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉంటే నయం. అందులో సుమారు 850 లీటర్ల నీళ్లు పడతాయి. అంటే నీళ్ల బరువే 850 కిలోలు! అద్దాలూ స్టాండూ కలిస్తే టన్ను దాటిపోతుంది. అపార్ట్‌మెంట్లలో ఉండేవారు ఎక్కడ పెట్టాలో ఇంజినీరుని అడగడం మంచిది.

ముందు ఎవరు వెళ్లాలి?

మన గృహప్రవేశానికి ముందుగా ఆవుని లోపలికి తీసుకెళ్తాం. చేపల విషయంలో ఆ మర్యాద బ్యాక్టీరియాది! చేప విసర్జించే వ్యర్థాల నుంచి నీళ్లలోకి అమ్మోనియా చేరుతుంది. అది విషం. ఫిల్టర్‌లోని స్పాంజిని అంటిపెట్టుకుని ఉండే బ్యాక్టీరియా దాన్ని మొదట నైట్రైట్‌గానూ, ఆపైన అంతగా హాని చేయని నైట్రేట్‌గానూ మారుస్తుంది. కొత్త ఫిల్టర్‌లో ఈ బ్యాక్టీరియా తగినంత పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. తళతళలాడే కొత్తనీళ్లు చూసి ముచ్చటపడి, వెంటనే చేపని వదిలేస్తారు. మార్చేటప్పుడు చిన్న గాయం కూడా కాని చేప, కొద్దిరోజులకే తన అమ్మోనియాకి తానే బలైపోతుంది. అలా కాకుండా ఉండాలంటే... కొత్త ఫిల్టర్‌ని నెలా నెలన్నర ముందే పాత అక్వేరియానికి తగిలించి నడిపించాలి. మార్చే రోజున పాతదాన్నీ కొత్తదాన్నీ చేపతోపాటే తరలించాలి. స్పాంజిని కుళాయి కింద కడిగారో, మున్సిపల్ నీళ్లలోని క్లోరిన్‌కి బ్యాక్టీరియా కాస్తా చచ్చిపోతుంది. కొత్త తొట్టిలో నింపే నీళ్లలోనూ యాంటీ క్లోరిన్ మందు కలపాల్సిందే.

పల్లకీ... ప్లాస్టిక్ సంచి!

ఒకటి రెండు రోజుల ముందే మేత ఆపేయాలి. లైట్లు తీసేసి, చేప ఎగరకుండా సగానికి పైగా నీళ్లు తోడెయ్యాలి. వలతో పైకి లాగితే పొలుసులూ మీసాలూ ఊడిపోతాయి. అందుకని మందపాటి పెద్ద ప్లాస్టిక్ సంచిని నీళ్లలోనే తెరిచి పట్టుకుని, దాన్ని మెల్లగా అందులోకి తోలాలి. ఈ పనికి ఇద్దరుండాలి. చేప మునిగేంత నీళ్లతో సహా సంచిని ఎత్తి, కొత్త అక్వేరియంలో అరగంటసేపు తేలనివ్వాలి. తర్వాత గ్లాసు చొప్పున కొత్తనీళ్లు సంచిలో కలుపుతూ పోయి, చివరికి సంచి మూతిని వంచితే చేప తనంతట తానే బయటికి వస్తుంది. వెంటనే మూత వేసి పైన బరువు పెట్టాలి. కొత్తచోట బెదిరిన అరోవానా ఎగిరి నేలమీద పడటం మామూలే.

మొదటిరోజు లైటు వేయకూడదు. రెండుమూడు రోజులు మేతా వద్దు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప వారంపాటు ఏమీ ముట్టకపోయినా కంగారు పడనక్కర్లేదు. నీళ్లని మాత్రం రోజూ కిట్‌తో పరీక్షించాలి. అమ్మోనియా కనిపిస్తే నాలుగోవంతు నీళ్లు మార్చాలి.

ఇంత చాకిరీ చేయలేక కొందరు పెరిగిన చేపని చెరువులో వదిలేస్తుంటారు. 2023లో భోపాల్ చెరువులోనూ శ్రీనగర్ దాల్ సరస్సులోనూ అమెరికాకి చెందిన ఎలిగేటర్ గార్ చేపలు కనిపించి కలకలం రేపాయి. ఇలాంటి వేటచేపలు చేరితే స్థానిక చేపలకి ముప్పే. ఆసియా అరోవానా లాంటి అరుదైన విదేశీ జీవుల్ని పెంచేవారు వివరాలు నమోదు చేయించుకోవాలంటూ 2024లో కేంద్రం నిబంధనలూ తెచ్చింది.

కాబట్టి దుకాణంలో వేలెడంత పిల్లని చూసి మనసు పారేసుకునే ముందు, ఇంట్లో ఆరడుగుల గోడ ఖాళీగా ఉందో లేదో ఓసారి కొలిచి చూసుకోండి మరి!