నేలకూ ఆకలేస్తుంది!

పంటనంతా ఇంటికి తెచ్చుకుంటున్నాం. మరి నేలకు ఏం మిగులుస్తున్నాం? కడప జిల్లాలో నల్లరేగడి, ఎర్రనేల అడుగుతున్న ప్రశ్న ఇది.

ప్రొద్దుటూరు దాటి జమ్మలమడుగు దారి పట్టగానే రోడ్డుకు రెండు వైపులా నల్లరేగడి. వానపడితే చెప్పుకు అంటుకుని వదలదు. ఎండితే చెయ్యి పట్టేంత నెర్రెలు. కాటుకలాంటి ఆ రంగు చూస్తే ఎవరికైనా అనిపించేది ఒకటే... ఎంత బలమైన నేలో అని! అదే మట్టిని పరీక్షకు పంపితే వచ్చే కార్డులో మాత్రం 'సేంద్రియ కర్బనం' గడికి ఎదురుగా చాలాసార్లు 'తక్కువ' అనే ఉంటుంది. పక్కన నత్రజని... అదీ తక్కువే.

నలుపు చూసి మోసపోకూడదంటారు మట్టి శాస్త్రం చదివినవాళ్లు. రేగడికి ఆ రంగు ఎక్కువ ఎరువు వల్ల వచ్చింది కాదు. అందులోని ఖనిజాలూ, బంకమన్ను రేణువులకు పూతలా పట్టుకున్న కొద్దిపాటి జీవపదార్థమూ కలిసి నేలను నల్లగా చూపిస్తాయి. వందపాళ్ల మట్టిలో కర్బనం అర పాలు కూడా లేకపోయినా నేల నల్లగానే కనిపిస్తుంది!

ఇంతకీ ఈ కర్బనం ఏమిటి? రాలిన ఆకు, తెగిన వేరు, పేడ, చచ్చిన పురుగు... ఇవన్నీ కుళ్లగా మిగిలిన సారం. నేల నీటిని పట్టి ఉంచేదీ, వానపాముల్నీ కంటికి కనిపించని కోట్ల జీవుల్నీ పోషించేదీ అదే. నత్రజని కూడా దాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది. నేలలో పది, పన్నెండు పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని... ఇదీ లెక్క. ఒకటి పోతే రెండోదీ పోతుంది. అందుకే చాలా పరీక్షా కేంద్రాల్లో నత్రజనిని విడిగా కొలవరు, కర్బనాన్ని చూసి అంచనా కడతారు. అర శాతంలోపు ఉంటే తక్కువ, ముప్పావు శాతం దాటితే ఎక్కువ.

అర శాతమంటే మరీ చిన్నదిగా వినిపిస్తుంది కానీ లెక్కవేస్తే అలా ఉండదు. ఎకరం పొలంలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 850 టన్నులు. అందులో అర శాతమంటే నాలుగు టన్నులకు పైగా కర్బనం, దాంతోపాటు నాలుగు క్వింటాళ్ల వరకూ నత్రజని. ఈ నిల్వలోంచి ఏటా పైరుకు అందేది కొద్దిగానే. అయినా వడ్డీ తినాలంటే అసలు ఉండాలి కదా!

వానాకాలం బీడు

జమ్మలమడుగు రేగళ్లలో ఒకప్పుడు జొన్న, కొర్ర, పత్తి. జొన్న కంకి ఇంటికి, చొప్ప పశువులకు, పశువుల పేడ దిబ్బకు, దిబ్బ ఎరువు మళ్లీ చేనుకు. ఈ చక్రం తిరిగినంత కాలం చేను తిన్నదాంట్లో కొంత చేనుకే తిరిగొచ్చేది. ట్రాక్టరొచ్చాక ఎద్దులు తగ్గాయి. దిబ్బలూ తగ్గాయి. జొన్న స్థానాన్ని చాలాచోట్ల బుడ్డశనగ ఆక్రమించింది.

శనగను తప్పుపట్టడానికి లేదు. తక్కువ నీటితో, మంచుతోనే పండే పంట. వేళ్ల బుడిపెల్లోని సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని తనే పట్టుకుంటుంది. చిక్కంతా శనగకు ముందు నాలుగు నెలలది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు పడుతుంటే పొలం ఖాళీగా ఉంటుంది. గుంటక తోలి, కలుపు లేకుండా చేసి, తేమను దాచి అక్టోబరులో విత్తుతారు. తాతల నాటి పద్ధతే. కానీ ఆ నాలుగు నెలలూ తడికీ, వేడికీ ఉన్న కర్బనం కరిగి గాలిలో కలుస్తుంది. కొత్తగా వచ్చి చేరేది ఏమీ ఉండదు. పెద్దవాన పడితే పైమట్టి కుందూకో, పెన్నకో పోతుంది.

ఇది ఊహ కాదు. ఇలాంటి నల్లరేగడిలోనే హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1976లో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. ఒక చెలకలో పాత పద్ధతి... వానాకాలం బీడు, తర్వాత పంట. పక్క చెలకలో వెడల్పు బోదెలు కట్టి, వానాకాలంలోనే జొన్నలో కంది కలిపి వేయడం. రెండు పుష్కరాల పాటు కొలుస్తూ పోయారు. పాత పద్ధతిలో హెక్టారుకు సగటున 1.1 టన్నుల గింజ వస్తే, రెండోదాంట్లో 5.1 టన్నులు. నేలలో చూస్తే, రెండో చెలకలో ఏటా హెక్టారుకు సుమారు 330 కిలోల కర్బనం అదనంగా చేరింది. కంది రాల్చిన ఆకూ, లోతుకు దిగిన వేరూ చేసిన పని అది.

వేరుతో సహా పీకేస్తే...

పులివెందుల వైపు తిరిగితే నేల రంగే మారిపోతుంది. ఎర్రనేల, గరుసు, మధ్యమధ్య రాళ్లు. రేగడిలోని బంకమన్నుకు కర్బనాన్ని గట్టిగా పట్టి ఉంచే గుణముంది. ఎర్రనేలకు ఆ పట్టు తక్కువ. చేరేదీ తక్కువ, జారిపోవడం మాత్రం తొందర. 1986లో నూనెగింజల సాంకేతిక మిషన్ వచ్చిన కాలంలో రాయలసీమంతటా వేరుశనగ పరుచుకుంది. ఎర్రనేలల్లో అదే ప్రధాన పంట అయింది.

వేరుశనగ కూడా పప్పుజాతి మొక్కే. నత్రజనిని పట్టుకుంటుంది కాబట్టి నేల బాగుపడుతుందన్నది చాలామంది నమ్మకం. నిజమే, కానీ సగమే నిజం. మిగతా పంటల్ని కోస్తాం, దీన్ని మాత్రం వేరుతో సహా పీకుతాం! కాయ మిల్లుకు పోతుంది. కట్టె పశువులకు మంచి మేత కాబట్టి వాముకు చేరుతుంది, లేదంటే అమ్ముడుపోతుంది. చివరికి కాయ పొట్టు కూడా బాయిలర్లలోకి. మొక్క గాలిలోంచి తెచ్చిన నత్రజనిలో అధికభాగం గింజలోనూ, కట్టెలోనూ ఉంటుంది. రెండూ పొలం దాటిపోయాక చేనుకు మిగిలేది గుంటక చాళ్లే.

దీని మీదా లెక్క ఉంది. పులివెందులకు పొరుగునే ఉన్న అనంతపురం పరిశోధన కేంద్రంలో 1985 నుంచి ఒకే చేలో ఏటా వేరుశనగ వేస్తూ, కొన్ని మడులకు ఎరువే లేకుండా, కొన్నిటికి రసాయన ఎరువులు, కొన్నిటికి పశువుల ఎరువు లేదా వేరుశనగ పొట్టు కలిపి వేస్తూ చూశారు. ఇరవై ఏళ్ల ఫలితాల్ని బట్టి శాస్త్రవేత్తలు తేల్చిందేమిటంటే... నేలలో ఉన్న కర్బనం తరగకుండా నిలవడానికే ఏటా హెక్టారుకు 1.12 టన్నుల కర్బనం తిరిగి వేయాలి. పెంచడానికి కాదు, నిలబెట్టడానికి మాత్రమే!

రైతు భాషలో చెప్పుకుంటే ఎకరాకు ఏటా టన్ను పైచిలుకు ఎండు ఆకూ అలమూ. వాన మొహం చాటేసిన ఏడు ఎకరం చేలో అంత కట్టె కూడా రాదు. అంటే ఆ చేను తన కడుపు తను నింపుకోలేదన్నమాట. బయటి నుంచి తేవాలి. పూర్వం చెరువు మన్ను తోలిందీ, గొర్రెల మందల్ని రాత్రిళ్లు చేలో నిలిపిందీ, గట్ల మీద కానుగ చెట్లు ఉంచిందీ అందుకే. కాపరికి గింజలిచ్చి మరీ మందను పిలిపించుకునేవాళ్లు!

చీనీ తోటలో చెత్త

బోర్లు పడ్డాక పులివెందుల, లింగాల, వేముల మండలాల్లో చీనీ, అరటి వచ్చాయి. ఏటా దున్నే చేనుకన్నా తోట నేలకు మేలే. చెట్టు నీడ, రాలే ఆకు, ఏడాది పొడవునా వేళ్లు... కర్బనం పెరగడానికి కావాల్సినవన్నీ ఉంటాయి. కానీ తోటను ఎలా ఉంచుతారన్నది అసలు సంగతి. చెట్ల మధ్య గడ్డిపరక లేకుండా దున్ని, కత్తిరించిన కొమ్మల్ని గట్టు మీద తగలబెడితే చేను చేసినట్టే. ఇక అరటి సంగతి చెప్పనే అక్కర్లేదు. గెల కొట్టాక మిగిలే బోదెలూ ఆకులూ ఎకరాకు బండ్ల కొద్దీ ఉంటాయి. ముక్కలు చేసి చాళ్లలో పరిస్తే తేమా నిలుస్తుంది, ఎరువూ అవుతుంది. వాటిని దారి పక్కన పారేయడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది!

ప్రొద్దుటూరు చుట్టుపక్కల కేసీ కాలువ కింద వరి కథ వేరు. 1860ల్లో ఓ ప్రైవేటు కంపెనీ తవ్వించిన ఈ కాలువ నీళ్లు నిలిచిన మడిలో గాలి ఆడదు కనుక కుళ్లడం నెమ్మది, కర్బనం కాస్త నిలుస్తుంది. అదే నీళ్లలో వేసిన యూరియాలో కొంత వాయువై ఎగిరిపోతుంది. 'ఇంకో మూట వేద్దామన్నా' అని పక్కచేను రైతును అడిగేది అప్పుడే. యంత్రంతో కోసి గడ్డికి నిప్పు పెడితే మరో నష్టం. టన్ను వరిగడ్డిలో అయిదారు కిలోల నత్రజని ఉంటుంది. మంటలో అందులో చాలావరకు పోతుంది.

కొండ ఏం చెబుతోంది?

గండికోట మీదుండే ఎర్రమలలోనో, పాపఘ్ని కొండల్ని చీల్చుకొచ్చే వేంపల్లె దగ్గరి గండిలోనో అడవిలోకి నాలుగడుగులు వేసి ఆకుచెత్త తీసి చూస్తే కింద మట్టి మెత్తగా, ముదురు రంగులో ఉంటుంది. ఎవరూ ఎరువు వేయలేదు, దున్నలేదు. ఎండుటడవే అయినా రాలిందంతా అక్కడే ఉంటుంది.

ఆ అడవిని కొట్టి సాగు చేస్తే ఏమవుతుందో 2002లో గువో, గిఫర్డ్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రపంచవ్యాప్తంగా వచ్చిన 74 అధ్యయనాల్ని కలిపి చూశారు. సహజ అడవి పొలంగా మారితే నేల కర్బనం సగటున 42 శాతం తగ్గింది. అడవిని కొట్టి ఒకే రకం చెట్ల తోట వేసినా 13 శాతం పోయింది. పొలాన్ని వదిలేసి అడవి తనంతట తాను తిరిగి పెరగనిస్తే 53 శాతం పెరిగింది. పొలంలో చెట్ల తోట వేస్తే పెరిగింది 18 శాతమే. ఇవి ప్రపంచ సగటు లెక్కలు. సీమ ఎండలకు అచ్చంగా ఇవే అంకెలు వస్తాయనుకోకూడదు. దిశ మాత్రం ఇదే. మొక్క నాటితే సరిపోదు, రాలిన ఆకును కూడా అక్కడ ఉండనివ్వాలన్నమాట. కొండవాలులో మేకల మేతా, వంటచెరకూ, వేసవి మంటలూ ఆ ఆకును తినేస్తున్నాయి.

మళ్లీ పచ్చగా...

పరిష్కారాలు కొత్తగా కనిపెట్టాల్సినవేమీ కావు. 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో రైతు సాధికార సంస్థ ఎక్కువగా చెబుతున్నది తొలకరికి ముందే నవధాన్యాల విత్తనాలు చల్లమనే. మట్టి, పేడ, బూడిద పట్టించిన పదిహేను, ఇరవై రకాల విత్తనాలు కొద్దిపాటి తేమకే మొలిచి నేలను కప్పేస్తాయి. శనగ రేగళ్లలో ఖాళీగా ఉండే ఆ నాలుగు నెలలకు ఇంతకన్నా మంచి విరుగుడు లేదు. ఈ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. పంచుకున్నవాళ్లలో ఒకరు మట్టి కర్బనం మీదే జీవితమంతా పనిచేసిన రతన్ లాల్.

అలాగని అందరూ ఒప్పుకున్నారనీ కాదు. పెట్టుబడి లేని ప్రకృతి సాగు మీద 2019లో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ సందేహాలు లేవనెత్తింది. ఆ ప్రశ్నల్ని కొట్టిపారేయడం సరికాదు. కర్బనం ఒక్కటే చేరితే చాలదు. ఎకరాకు 0.1 శాతం పెరగాలంటే 850 కిలోల కర్బనం, దాంతో కలిసి కట్టుబడి ఉండటానికి 70 కిలోలకు పైగా నత్రజని కావాలి. మూడున్నర మూటల యూరియాలో ఉండేంత! డ్రమ్ములో కలిపిన జీవామృతంలో అంత ఉండదు. పప్పుజాతి పైర్లూ, గట్టు మీది గిరిపుష్పం, కానుగ ఆకులూ, పశువుల ఎరువూ తేవాల్సిందే. వేరుశనగ పొట్టు ఒక్కటే వేస్తే అది కుళ్లేటప్పుడు నేలలోని నత్రజనినే కొంతకాలం వాడుకుంటుంది కూడా. పచ్చి ఆకుతో కలిపి వేయడం మంచిది.

ఫలితం ఒక్క ఏడాదిలో కార్డు మీద కనిపించదు. మూడేళ్లకోసారైనా ఒకే చేలో, ఒకే నెలలో పరీక్ష చేయించి పోల్చుకోవాలి. ఎకరంలో ఎనిమిది, పదిచోట్ల 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, పక్క నుంచి పలచగా చెక్కిన మట్టిని కలిపి అర కిలో పంపితే చాలు. గట్టు పక్కనా, చెట్టు కిందా, దిబ్బ పోసిన చోటా మాత్రం తీయకూడదు. అక్కడ అంకె ఎప్పుడూ బాగానే వస్తుంది!