బరువెక్కినా మూలగని ఇంజన్

మా హిందూపురంలో షేర్ ఆటో నడిపేవాడికి మీటర్లతో పనిలేదు. చెవి చాలు. వెనక కూర్చోవాల్సినవాళ్లు కూర్చుని, డ్రైవరుకు అటొకరు ఇటొకరు ఇరుక్కుని, పైన రెండు మూటలు పడ్డాయంటే బండి గొంతే మారిపోతుంది. చిన్న మిట్ట తగిలినా గేరు దించాల్సిందే. నా బతుకంతా ఇంజన్లు విప్పడం, బిగించడంతోనే గడిచింది. షెడ్డు ముందు నుంచి బండి పోతుంటే ఎంత లోడుతో పోతోందో తలెత్తకుండానే చెప్పేవాణ్ణి.

నా చెవి పనికిరాకుండా పోయిన బండి ఒక్కటే, జెట్ బోటు. ఇద్దరెక్కినా ఆరుగురెక్కినా దాని ఇంజన్ దాదాపు ఒకే రకంగా మోగుతుంది. రేస్ పూర్తిగా ఇచ్చి మీటరు చూడండి, తిరిగే వేగంలో పెద్ద తేడా ఉండదు. బోటు మాత్రం నెమ్మదిస్తుంది.

మా పాప న్యూజిలాండ్‌లో ఉంటుంది. వాళ్లను చూడ్డానికి పోయినప్పుడు క్వీన్స్‌టౌన్ దగ్గర షాటోవర్ నదిలో జెట్ బోటు ఎక్కించారు. బండరాళ్ల మధ్య మోకాలి లోతు కూడా లేని నీళ్లలో పరుగెత్తింది. అందరూ కేకలు పెడుతుంటే నేను ఇంజన్ చప్పుడు వింటూ కూర్చున్నాను. “ఏం నాన్నా, భయమేసిందా?” అంది పాప. భయం కాదమ్మా, ఇంత లోడుకు ఇది మూలగదేమి అని ఆలోచిస్తున్నా అన్నాను. అల్లుడు నవ్వాడు గానీ, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈ యంత్రాన్ని పనిలోకి తెచ్చింది ఆ దేశపు రైతే. పేరు బిల్ హామిల్టన్. గొర్రెల మంద, పెద్ద పొలం, పక్కన రాళ్లు తేలిన నదులు. మామూలు మోటారు బోటుకు అడుగున ఫ్యాను ఉంటుంది, రాయి తగిలితే రెక్క విరుగుతుంది. అందుకని 1954లో ఆయన ఫ్యానును లోపల పెట్టాడు. బోటు అడుగున జల్లెడ లాంటి ఊచల గుండా నీళ్లు పైకి వస్తాయి, ఇంపెల్లర్ వాటిని ఒత్తిడితో వెనక గొట్టం నుంచి చిమ్ముతుంది, ఆ తోపుకు బోటు ముందుకు పోతుంది. మొదట గొట్టం నీళ్లలోపల ఉండేది. దాన్ని నీటిమట్టానికి పైన పెట్టాక వేగం బాగా పెరిగింది. 1977లో ఎడ్మండ్ హిల్లరీ ఇలాంటి బోట్లలోనే గంగాసాగర్ నుంచి గంగకు ఎదురెక్కి, నందప్రయాగ దగ్గర జలపాతం అడ్డొచ్చేదాకా పోయాడు.

ఇంజన్ మూలగకపోవడానికి కారణం ఆ పంపే. బయట ఉన్న ఫ్యానుకు బోటు ఎంత వేగంగా పోతోందన్నది ముఖ్యం. బరువెక్కి బోటు నెమ్మదిస్తే రెక్కల మీద నీటి భారం పెరుగుతుంది, ఇంజన్ దిగజారుతుంది, మనకు వినిపిస్తుంది. జెట్‌లో ఇంపెల్లర్ గొట్టంలో బిగించి ఉంటుంది. బోటు నిలబడి ఉన్నా పరుగెత్తుతున్నా అది తోడే నీళ్లలో, మింగే శక్తిలో పెద్ద మార్పు ఉండదు. బరువు సంగతి ఇంజన్‌కు చేరదు, నీళ్ల దగ్గరే ఆగిపోతుంది.

అక్కడ అది చేసే పని చిన్నదేం కాదు. వేగం అందుకున్న బోటు నీళ్లను చీల్చుకుంటూ పోదు, నీటి మీదికెక్కి జారుతుంది. అలా ఎక్కేదాకా దానికి ఎదురుగా ఒక అల నిలబడి ఉంటుంది. మనుషులు తక్కువుంటే ఆ మిట్టను చిటికెలో దాటేస్తుంది. ఎక్కువైతే ముక్కు పైకెత్తి, వెనక భాగం నీళ్లలో కూరుకుపోయి, నురగ కక్కుతూ అక్కడక్కడే పొర్లాడుతుంది. పెట్రోలు మాత్రం నీళ్లలా పోతుంది.

ఒక లెక్క చెప్తాను. ఇంధనంతో, డ్రైవరుతో కలిపి 1200 కిలోల బోటు గంటకు 60 కిలోమీటర్లు పోతుందనుకోండి. 75 కిలోల చొప్పున నలుగురు ఎక్కితే 1500 కిలోలు. జారే బోటు వేగం శక్తిని బరువుతో భాగిస్తే వచ్చేదానికి వర్గమూలంగా మారుతుందని బోట్లు కట్టేవాళ్లు వాడే మోటు సూత్రం ఒకటుంది. దాని ప్రకారం 60 కాస్తా 54 దగ్గరికి దిగుతుంది. ఈ ఆరు కిలోమీటర్లు పోతే పోయాయనుకోవచ్చు. అసలు నష్టం లోతు దగ్గర. జారుతున్న బోటుకు జానెడు నీళ్లయినా చాలు. బరువెక్కి కిందికి దిగిన బోటు అదే చోట ఇసుకను, గులకరాళ్లను పంపులోకి పీల్చుకుంటుంది. ఇంపెల్లర్ అంచులు అరిగాక ఎంత తిప్పినా తోపు రాదు.

మూలగదని అన్నాను గానీ, అరిచే చప్పుడు ఒకటుంది. బోటు మిట్ట ఎక్కలేకపోతున్నా రేస్ పట్టుకునే ఉంటే పంపుకు నీళ్లు సరిగా అందవు. ఇంపెల్లర్ మీద బుడగలు పుట్టి పగులుతాయి. డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టుంటుంది. అది వినిపించేసరికే లోహం మీద గుంటలు పడటం మొదలైందని అర్థం.

బరువు ఎంతన్నదే కాదు, ఎక్కడన్నది కూడా ముఖ్యమే. జెట్ బోటులో ఇంజన్, పంపు వెనకే ఉంటాయి. లావుపాటివాళ్లు కూడా వెనకే కూర్చుంటే ముక్కు లేచి బోటు కప్పలా ఎగురుతుంది. అందరూ ముందుకు జరిగితే ముక్కు నీళ్లను తవ్వి, మలుపులో తిక్కగా లాగుతుంది, పంపుకు నీళ్లకు బదులు గాలి తగులుతుంది. ఇంధనం బరువును ఎవరూ లెక్కలోకి తీసుకోరు. వంద లీటర్ల పెట్రోలు అంటే ఓ మనిషి ఎక్కినట్టే, సుమారు 75 కిలోలు.

మనవాళ్లు ‘ఇరవై మందికి అనుమతి’ అని బోర్డు రాస్తారు. ఏ ఇరవై మంది? 2005 అక్టోబరు 2న అమెరికాలోని లేక్ జార్జ్‌లో ఈతన్ అలెన్ అనే విహార పడవ బోల్తాపడి 20 మంది పోయారు. అందులో ఉన్న ప్రయాణికులు 47 మంది, అనుమతి 48 మందికి. కాగితం మీద అంతా సవ్యమే. కానీ ఆ అనుమతి మనిషికి 140 పౌండ్లు, అంటే 63 కిలోలకు కాస్త పైన, అన్న లెక్కతో ఇచ్చింది. నిజం బరువులతో చూస్తే 14 మందే ఎక్కాలని విచారణలో తేలింది. 2011లో అక్కడి తీరరక్షక దళం మనిషి సగటు బరువును 185 పౌండ్లకు, అంటే దాదాపు 84 కిలోలకు పెంచింది. తలలు లెక్కపెట్టడం బరువు తూచడం కాదని వాళ్లకు తెలిసింది ఇరవై ప్రాణాలు పోయాకే. అది జెట్ బోటు కాకపోయినా, లెక్క మాత్రం ఏ బోటుకైనా ఒకటే.

సీమలో జెట్ బోటు కథ ఎందుకప్పా అని ధర్మవరంలో ఒక మిత్రుడు ఎగతాళి చేశాడు. పెన్నలో నీళ్లు పారితే పండగ చేసుకునే ఊళ్లు మావి, నిజమే. కానీ 2021 నవంబరు 19ని ఆయనకు గుర్తుచేశాను. పెనుకొండకూ ధర్మవరానికీ మధ్య, చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర చిత్రావతి పొంగి పదిమంది చిక్కుకుపోయారు. వైమానిక దళం హెలికాప్టర్ వచ్చి వాళ్లను ఎత్తుకుపోయింది. ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక, వస్తే ఒక్కసారిగా వరద. రాళ్లున్న, లోతు తెలియని ఇలాంటి ఏరుకే బిల్ హామిల్టన్ ఆ పంపు పెట్టింది.

అయినా మా ఏటి వరదకు జెట్ బోటు ఒక్కటే మందు అనను. ఆ నీళ్లలో కంప, గడ్డి, సంచులు కొట్టుకొస్తాయి. అవి అడుగున ఊచలకు పట్టుకుంటే తోపు బాగా పడిపోతుంది. మనిషి బరువుతో పాటు తడిసిన బట్టల బరువు, బోటులో చేరిన నీటి బరువు కలుస్తాయి. లీటరుకో కిలో, పైగా ఆ నీరు అటూ ఇటూ దొర్లుతుంది. పోయేటప్పుడు ఖాళీగా, ఎదురు నీటికి పోతుంది కాబట్టి ఏ డ్రైవరైనా నడపగలడు. చిక్కంతా జనాన్ని ఎక్కించుకుని ప్రవాహంతో పాటు దిగేటప్పుడే. జెట్ బోటుకు వెనక చుక్కాని ఉండదు, చిమ్మే నీళ్లను పక్కకు తిప్పితేనే మలుపు. భయపడి రేస్ వదిలేశామా, తిప్పే దారే ఉండదు. బరువున్న బోటు నేరుగా పోతూనే ఉంటుంది. అందుకే పదిమందినీ ఒకేసారి తెద్దామనుకోకుండా నలుగురు, ముగ్గురు, ముగ్గురుగా మూడు విడతలు తిరగాలి. మొదటి విడతలో ఎవరు రావాలన్నది ఒడ్డున నిలబడి వాదించుకోకుండా, బోటు నడిపేవాడే చెప్పాలి.